ముందు సీట్లో నాలుగో మనిషి

సర్వీస్ మేనేజర్ రవీందర్ పదిన్నరకు వచ్చేసరికి పగిడయ్య బల్ల ముందున్న కుర్చీలో కూర్చొని ఉన్నాడు. పక్కన అతని భార్య జంపక్క నిలబడి ఉంది. ఇద్దరూ పినపాకలో మొదటి బస్సు పట్టుకొని, సిబ్బంది ఎవరూ రాకముందే ఖమ్మంలోని ఆ సర్వీస్ సెంటర్‌కు చేరుకున్నారు.

వారి జీపును అంతకు ముందురోజే ఒక లారీ వెనుక కట్టి ఇక్కడికి పంపారు. కొని ఏడు నెలలైంది. పినపాక నుంచి అడవి పల్లెలకు మనుషులను చేరవేసే జీపు. నడుస్తూ నడుస్తూ గేర్‌బాక్స్ పగిలిపోయింది. వారంటీ ఇంకా ఉంది గనుక కొత్తది ఉచితంగా వేయాలి. వేయకపోతే ఆ జీపు ఇక కదలదు. జీపు కదలకపోతే పగిడయ్య చేయగలిగిన పని ఈ భూమి మీద మరొకటి లేదు.

రవీందర్ షెడ్డులోకి వెళ్లి, జీపు చూసి, ముఖం ముడుచుకొని తిరిగి వచ్చాడు.

"క్లచ్ పెడల్‌కు ఆ ఇనుప కడ్డీ ఏంది?"

పగిడయ్య చూపు బల్ల మీదికి దించుకున్నాడు.

"నిన్నే అడిగేది. పెడల్‌కు కడ్డీ వెల్డింగ్ చేపిచ్చినవ్. స్టీరింగ్ పక్కకు తెచ్చి పిడి పెట్టిచ్చినవ్. చేత్తోని గుంజితే క్లచ్ పడాలె. కంపెనీ గిట్లనే ఇచ్చిందా బండి?"

"పాల్వంచల అహ్మద్ పాషా చేసిండు సార్. మంచి పనోడు."

"మంచి పనోడే. వారంటీని గూడ కలిపి వెల్డింగ్ చేసిండు. దా, చూపిస్త."

పగిడయ్య కుర్చీలోంచి కదలలేదు. "మా ఆమె వస్తది సార్. దానికి చూపియ్యుండ్రి."

"బండి నీదా, ఆమెదా? లేచి నాలుగడుగులు వేయనీకి గూడ బరువేనా దొరకు?"

అటు పక్క బల్ల దగ్గర ఎవరో నవ్వారు. పగిడయ్య తల వంచుకున్నాడు. జంపక్క ఒక్కతే షెడ్డుకు వెళ్లి, చూసి, తిరిగి వచ్చింది.

రవీందర్ వారంటీ పుస్తకం తెరిచి, ఒక పేజీ మీద వేలు పెట్టాడు.

"చేత్తోని గుంజితే క్లచ్ పూర్తిగ పడదు. సగం పడ్డంక గేరు మారిస్తే లోపల పళ్లు అరుగుతయ్. ఏడు నెలలు గట్ల అరిగి అరిగి పగిలింది. ఇంజిన్ పోతే ఇస్తుంటిమి. లైట్లు పోతే ఇస్తుంటిమి. ఈ కడ్డీ పాడుచేసింది గేర్‌బాక్స్‌నే. దానికి వారంటీ రాదు."

అందులో అబద్ధం లేదని పగిడయ్యకు తెలుసు. గేరు మార్చినప్పుడల్లా వచ్చే గరగర శబ్దం అతడు రోజూ విన్నదే.

"ఇంతకూ ఎందుకు పెట్టిచ్చినవ్? ఉన్నదున్నట్టు రాయాలె. ఒక కాపీ రవాణా ఆఫీసుకు పోతది."

"చెప్పరాదయ్యా," అంది జంపక్క మెల్లగా.

పగిడయ్య ఆమె వైపు ఒక్క చూపు చూశాడు. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. అతని చేయి తనకు తెలియకుండానే చొక్కా జేబులోని లైసెన్సును తడిమింది.

రవీందర్ నవ్వాడు. "నన్నే చెప్పమంటవా? మీ రూట్ల సంగతి నాకు తెల్వదా? ముందల డ్రైవర్‌తోని ముగ్గురు కూసోవాలె. మీరు నలుగురిని కుక్కుతరు. డ్రైవర్ ఎడమ కాలు పెట్టే జాగల నాలుగోడు కాళ్లు పెడ్తడు. ఇగ కాలు ఆడే జాగ ఉండదు, చేత్తోని క్లచ్ గుంజుడు. గంతేనా?"

ఆ దారిలో అది వింత కాదు. సంత రోజున డ్రైవర్లు సగం ఒళ్లు బయటికి వేలాడేసి జీపులు నడుపుతారు.

పగిడయ్య తలెత్తాడు. "గట్ల రాస్తె లైసెన్సుకేమన్న అయితదా సార్?"

"లైసెన్సుకేం గాదు. ఫైన్ పడ్తది."

"అయితే గట్లనే రాయుండ్రి. ఆశపడ్డ."

జంపక్క ముఖం పక్కకు తిప్పుకుంది.

అంత తేలికగా ఒప్పుకోవడం చూసి రవీందర్ మనసు కొంత మెత్తబడింది. కలం పక్కన పెట్టాడు.

"ఇను. కడ్డీ కోపిచ్చేస్త. మళ్ల పెట్టిచ్చనని రాసియ్యి. కంపెనీ ఇన్‌స్పెక్టర్‌ను నేను ఒప్పిస్త. కొత్త గేర్‌బాక్స్ బిగిచ్చినంక ఆయన ముందల నువ్వే రెండు రౌండ్లు కాలుతోని నడిపి చూపియ్యాలె. పైస కట్టకుంట తీస్కపో."

వాళ్లు వచ్చింది దానికోసమే.

"కడ్డీ తియ్యకుండ్రి సార్," అన్నాడు పగిడయ్య.

"ఏంది?"

"కడ్డీ ఉండాలె."

రవీందర్ అతన్ని పైనుంచి కింది దాకా చూడబోయాడు. మధ్యలో బల్ల అడ్డం వచ్చింది.

"నాలుగో మనిషి కిరాయికి గేర్‌బాక్స్ ఇడిసిపెడ్తవా? నీ అసొంటి ఆశపోతును నా సర్వీసుల చూడలే."

"అవ్ సార్. ఆశనే."

రవీందర్ ఇక వాదించలేదు. అదనపు ప్రయాణికుల కోసం అనుమతి లేని మార్పు చేయించినందున క్లెయిము తిరస్కరించడమైనదని రాసి, ముద్ర వేసి, కాగితం బల్ల మీదుగా తోశాడు. పగిడయ్య ఒక్కొక్క అక్షరమే కూర్చుకుంటూ సంతకం చేశాడు.

"వారంల బండి తీస్కపో. ఇక్కడ జాగ లేదు." రవీందర్ చాయ్ తాగడానికి లేచాడు. మిగతావారూ ఒకరి వెనుక ఒకరు వెళ్లిపోయారు.

పగిడయ్య మాత్రం కూర్చునే ఉన్నాడు.

"చెప్తె జాలి పడుతుండెనేమో గదయ్యా," అంది జంపక్క.

"జాలి పడుతుండె. కాయితం మీద గూడ రాస్తుండె. లైసెన్సు గుంజుకుంటుండిరి."

హాలులో ఎవరూ లేరని రెండుసార్లు చూసుకొని, జంపక్క కుర్చీ కింద నుంచి చంకకర్ర తీసి అందించగా, ఎడమ మోకాలి కింద ఏమీ లేని లుంగీని మడిచి దోపుకొని, పగిడయ్య తనకున్న ఒక్క కాలి మీద లేచి నిలబడ్డాడు.