పసుపు గుడ్డ

నాగేంద్రబాబు రెండు చేతులతో ఇసుక తోడుతున్నాడు. తోడినంతసేపు పట్టడం లేదు, అల వచ్చి గుంట పూడ్చేసి పోతోంది. ముందు చక్రాలు సగం దాకా దిగిపోయాయి. కారు ఊబిలో పడ్డ గేదెలా ఒక్క అంగుళం కదిలితే ఒట్టు.

పోనీ సొంత కారా అంటే, అదీ కాదు. గుడివాడలో మావయ్య ధనుంజయరావు మొన్న మొన్న కొన్నది. పూజ చేయించిన పసుపు ఇంకా ముందద్దం మీద ఉంది. ‘ఘంటసాల ఊళ్లో బౌద్ధస్తూపం చూసొస్తాం మావయ్యా’ అని తాళాలు పుచ్చుకుని, స్నేహితులిద్దరినీ ఎక్కించుకుని, దివిసీమ చివర సముద్రం ఒడ్డుకి తోలుకొచ్చాడు. తాబేళ్లు చూడాలట, వలస పక్షులు చూడాలట, మనిషన్నవాడు లేని బీచ్ కావాలట! తాబేలు కాదు కదా, దాని చిప్ప కూడా కనబడలేదు. మనిషి లేని బీచ్ మాత్రం నిక్షేపంగా దొరికింది. ఇప్పుడు గొంతు చించుకున్నా పలికే దిక్కు లేదు. ఫోన్‌లో సిగ్నలూ లేదు.

“కారు నీళ్ల అంచున పెట్టు బావా, ఫోటో అదిరిపోద్ది” అన్నవాడు విక్రమ్. నాగేంద్రబాబు, కృపావరం సముద్రంలో మునకలేస్తున్నంతసేపూ వాడు కారు చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకుంటూనే ఉన్నాడు. అప్పుడు ఇసుక సిమెంటు రోడ్డులా గట్టిగా ఉంది. పోటు వస్తే అదే ఇసుక నోరు తెరుస్తుందని గుడివాడ కుర్రాళ్లకేం తెలుసు? తెలిసేసరికి కారు దిగబడిపోయింది. మనుషుల కోసం కృపావరం పల్లె వైపు పరిగెత్తాడు, విక్రమ్ లైట్‌హౌస్ వైపు పరిగెత్తాడు.

‘దేవుడా, ఈ ఒక్కసారికి గట్టెక్కించు. మళ్లీ మావయ్యతో అబద్ధమాడితే నా కళ్లు పోతాయి’ అని మొక్కుకున్నాడు నాగేంద్రబాబు. మొక్కు పూర్తికాకుండానే అల తలుపు తాకింది.

అప్పుడు వినబడింది ట్రాక్టర్ చప్పుడు. దాని మీద కూర్చున్న కృపావరం తువ్వాలు ఊపుతున్నాడు. తోలుతున్నది పల్లె పెద్ద వెంకటపతి, పడవలు ఒడ్డుకి లాగే ట్రాక్టర్ ఆయనదే. నాగేంద్రబాబుకి పోయిన ప్రాణం లేచొచ్చింది. తిన్నగా వస్తున్న ట్రాక్టర్ కాస్తా కారుకి అల్లంత దూరంలో టక్కున ఆగింది.

“ఆపేశావేంటి బాబాయ్! నీళ్లు లోపలికొచ్చేస్తున్నాయి!”

“ఆ కర్ర చూసుకోలేదా బాబూ?”

కారు వెనకే సరుగుడు కర్ర ఒకటి ఇసుకలో పాతి ఉంది, దాని కొసకి పసుపు పూసిన గుడ్డ కట్టి ఉంది. నాగేంద్రబాబు దాన్ని ఇందాకటి నుంచీ చూస్తూనే ఉన్నాడు. ఎవరో జాలర్లు గుర్తుకి పెట్టుకున్నారనుకున్నాడు.

“దాని కింద తాబేలమ్మ గుడ్లుంటాయి. మా పల్లెలో ఎవరి కంటబడినా అలా గుడ్డ కట్టి పాతి దణ్ణం పెట్టుకుంటారు. నా బండి దాని మీదకి రాదు.”

“తాడు వేసి దూరం నుంచి లాగు బాబాయ్, నీకు పుణ్యముంటది!”

“అప్పుడు నీ కారొచ్చేది దాని మీదకే కదా.”

నాగేంద్రబాబు ఏడుపొక్కటే తక్కువ. “కారు పోతే మా మావయ్య నన్ను గడప తొక్కనివ్వడు బాబాయ్!”

“కారు పోతే ఇంకో కారు కొనుక్కుంటారయ్యా. ఆ తల్లి ఎంత దూరం నుంచి ఈదుకొచ్చి పెట్టి వెళ్లిందో!”

“చుట్టూ తిరిగి రాలేమా?” అన్నాడు కృపావరం.

“ఈ పక్క ఉప్పుకాలవ. ఆ పక్క నుంచి రావచ్చుగానీ, మెత్తటి ఇసుక. టైం పడుద్ది.”

పట్టింది. దూరంగా, ఎప్పుడో కొట్టుకొచ్చి పడి ఉన్న తాటిమొద్దు పక్కకి వచ్చేసరికి ట్రాక్టర్ పెద్ద చక్రం దిగబడింది. వెంకటపతి ముందుకి తోశాడు, వెనక్కి తోశాడు. చక్రం అక్కడే గిర్రున తిరిగి ఇసుకని పాయలుగా చిమ్మింది. ఇక్కడ కారులోకి నీళ్లొచ్చి కాళ్ల కింద పరిచిన పట్టాలు తేలాయి. నాగేంద్రబాబు వెనక బంపర్ పట్టుకుని వేలాడాడు, తను పట్టుకుంటే సముద్రం వదిలేస్తుందన్నట్టు. అటు చూస్తే ట్రాక్టర్, ఇటు చూస్తే అల. చేయగలిగిందేమీ లేదు.

ఎట్టకేలకు ట్రాక్టర్ గట్టెక్కింది. తాడు పడింది. కారు కర్రని తప్పించుకుంటూ పక్కవాటుగా పైకి వచ్చింది. తలుపు తెరిస్తే నీళ్లు బుడబుడా కారాయి. తాళం తిప్పితే ఇంజను కిక్కురుమనలేదు.

నాగేంద్రబాబు ఇసుకలో కూలబడ్డాడు. కాసేపటికి తలెత్తి, చెక్కుచెదరకుండా నిలబడ్డ ఆ కర్ర వంక చూశాడు.

“పోనీలేరా కృపా. కారు ఎలాగూ పోయింది, గుడ్లన్నా దక్కాయి. మావయ్యకి ఈ మాటే చెప్తాను. తిడితే తిట్టనీ” అన్నాడు.

“మంచి మాటన్నావు బాబూ. తాబేలమ్మ ఎవరి రుణమూ ఉంచుకోదు” అని వెంకటపతి కర్ర వైపు తిరిగి చేతులు జోడించాడు. నాగేంద్రబాబు కూడా జోడించాడు. గుండె కొంచెం తేలికపడింది.

అంతలో విక్రమ్ రొప్పుకుంటూ వచ్చాడు. “హమ్మయ్య, తీసేశారా!” అంటూనే వంగి ఆ కర్రని ఊడబెరికాడు.

“ఓరి నాయనో, ముట్టుకోకు!” అని వెంకటపతి కేక పెట్టాడు.

“ఏం కాదు బాబాయ్. కారు వెనక జెండాలా బాగుంటుందని ఇందాక నేనే ఫోటో కోసం తెచ్చి పాతాను. ఎవరిదో ఏమో, మళ్లీ దాని చోట దాన్ని పెట్టేసొస్తా.”

నాగేంద్రబాబు గబుక్కున లేచి అడిగాడు.

“ఎక్కడ నుంచి తెచ్చావురా?”

విక్రమ్ చెయ్యి చాపి చూపించాడు. “అదిగో, ఆ తాటిమొద్దు పక్క నుంచి... అరే, అక్కడ అంత గొయ్యి ఎవరు తవ్వారు?”