పన్నెండో సెకను

"ఫోను ఇచ్చెయ్యక్కా. ఊరికే చూస్తానంతే."

"చూస్తావు, ఏడుస్తావు. నేను కొట్లో అమ్మే అన్నం చుట్టలు చుట్టుకోవాలా, నీ ముక్కు తుడవాలా?" మీగ్యోంగ్ చెల్లెలి ఫోనును ఏప్రన్ జేబులోకి తోసింది.

హేరిమ్ అందులోంచే లాక్కుంది.

కొరియాలోని గున్సాన్ రేవు దారిలో, డ్రైవరు లేకుండా తనంతట తానే నడిచే బస్సు ఒక ముసలావిడను గుద్ది చంపేసి పదకొండు రోజులైంది. ఆ బస్సులో, ప్రమాదం వస్తే బస్సును ఆపే ఎర్ర బటన్ పక్కన కూర్చుని దారి గమనించడమే హేరిమ్ ఉద్యోగం. ఆ రోజు కూడా అక్కడే కూర్చుంది. బటన్ నొక్కింది. బస్సు ఆగలేదు.

ఆ మాట ఎవరూ నమ్మలేదు. బస్సు కెమెరా వీడియో బయటికొచ్చాక వార్త కింద నాలుగు వేల ఏడు వందల కామెంట్లు పడ్డాయి.

‘కూర్చోడానికి జీతమిస్తే కునుకు తీసి ఉంటుంది.’

‘ఒళ్లో ఫోను ఉంటుంది, కావాలంటే పందెం.’

‘గడ్డిబొమ్మను కూర్చోబెట్టినా నయమే.’

‘వీడియోలో ఆమె మొహం మీద ఆ మసక దేనికి? తీసెయ్యండి, ఊరంతా చూస్తాం.’

ప్రతిదాని కింద వేలకొద్దీ మెచ్చుకోళ్ళు. చేపలు కొనే చోట, బస్టాపులో, లిఫ్టులో తను రోజూ చూసే మనుషులే ఇవి రాస్తున్నారన్న ఆలోచనతో హేరిమ్ వీధిలో తల దించుకునే నడిచేది.

వాటి మధ్య ఒకటి.

‘ఆమె బటన్ నొక్కింది. పన్నెండో సెకనులో కుడి మోచెయ్యి కదులుతుంది. వీడియో నెమ్మదిగా నడిపి చూడండి.’

రాసినవాడి పేరు ‘బార్లీ టీ’. మెచ్చినవాళ్ళు ఇద్దరు. ఛీకొట్టినవాళ్ళు తొమ్మిదొందల మంది.

"ఈయన ఇవాళ కూడా రాశాడక్కా... నిజం చెప్పు, నువ్వే కదూ?"

"కొట్టు తలుపు మీద ‘నేడు సెలవు’ అని రాయడానికే నాకు అరగంట పడుతుంది. కంపెనీ మనిషెవడో అయ్యుంటాడు."

"తప్పంతా నామీదికి తోస్తున్నదే కంపెనీ. వాళ్ళ మనిషి నన్నెందుకు వెనకేసుకొస్తాడు?"

మీగ్యోంగ్ ఇంకో చుట్ట చుట్టడం మొదలుపెట్టింది.

జనం బార్లీ టీని కూడా వదల్లేదు.

‘ఏం బార్లీ, ఆమె మొగుడివా?’

‘కాదు. ఆమెను నేనెప్పుడూ చూడలేదు.’

‘వీడియో ఎన్నిసార్లు చూశావేంటి?’

‘నూట నలభై సార్లు.’

‘వేరే పనేం లేదా నాయనా!’ దాని కింద వరసగా నవ్వు బొమ్మలు.

ఒకడు కొత్త పాట ఎత్తుకున్నాడు. ‘అసలు ఆ ముసలిదే చూసుకోకుండా రోడ్డెక్కి ఉంటుంది. పోయే వయసే కదా.’ హేరిమ్ అది చదివి ఫోను బోర్లా పెట్టేసింది. ఆ ముసలావిడ అంత్యక్రియలకు వెళ్తానంటే కంపెనీ వకీలే ఆపేశాడు. "వాళ్ళింటివాళ్ళు మిమ్మల్ని గడప తొక్కనివ్వరు. ఒక్క మాట జారినా కేసు మీ మెడకే చుట్టుకుంటుంది" అన్నాడు. క్షమించమని అడిగే వీలు కూడా లేకపోయింది.

ఆ కామెంటుకు బార్లీ టీ ఏమంటాడోనని చూసింది. ఏమీ అనలేదు. రెండు రోజులు జాడ లేదు. ‘ఆయనకీ విసుగొచ్చినట్టుంది’ అనుకుంది. మూడోరోజు మళ్ళీ కనిపించాడు. ‘మోచెయ్యి చూడండి. ఇంకోసారి చెప్తున్నాను.’

ఇరవై ఆరో రోజున దర్యాప్తు నివేదిక వచ్చింది. ముసలావిడ కనబడ్డ ఒక్క సెకనులోపే బటన్ నొక్కారు. బస్సు నడిపే ప్రోగ్రామ్ ఆ ఆదేశాన్ని తీసుకోలేదు.

సాయంత్రానికల్లా పాత వార్త కింద వెయ్యికి పైగా కామెంట్లు మాయమయ్యాయి. గడ్డిబొమ్మ అన్నవాడే కొత్త వార్త కింద ‘నేను మొదట్నుంచీ కంపెనీనే అంటున్నాను’ అని రాశాడు. దానికీ వేల మెచ్చుకోళ్ళే. క్షమించమన్నవాడు ఒక్కడు లేడు.

అప్పుడు మొదటిసారి తనూ ఒక కామెంటు రాసింది. ‘బార్లీ టీ గారూ, ఆ బస్సులో ఉన్నది నేనే. ఒక్కసారి మీ ఎదుట తల వంచి నమస్కారం పెట్టాలనుంది.’

గంట తర్వాత జవాబొచ్చింది. ‘రేపు రెండింటికి. పాత స్టేషను ఎదురు నూడుల్స్ హోటల్.’

"నేనూ వస్తాను" అంది మీగ్యోంగ్ కొట్టు మూసేస్తూ. "ఊరికే ఎవడూ ఇంత చెయ్యడు. ఏదో ఆశించే ఉంటాడు."

హోటల్లో వాళ్ళకోసం కూర్చున్నది యాభై దాటిన మనిషి. ఇస్త్రీ చొక్కా. వాళ్ళను చూడగానే లేచి నిలబడ్డాడు. హేరిమ్ నడుము దాకా వంగింది, ఎంతకీ తల ఎత్తలేదు.

"చాలమ్మా, కూర్చోండి. నూడుల్స్ చల్లారిపోతాయి" అన్నాడాయన. తన గిన్నె మాత్రం ముట్టుకోలేదు.

మీగ్యోంగ్ ఆగలేకపోయింది. "అడిగానని ఏమీ అనుకోకండి. మా చెల్లి దగ్గర మీకేం కావాలి?"

"ఏమీ వద్దండి."

"మరి ఇన్నాళ్ళూ ఊరందరి చేతా తిట్లెందుకు తిన్నారు?"

ఆయన గిన్నె పక్కకి జరిపాడు.

"మొదటిరోజు నేనూ తిట్టడానికే కూర్చున్నాను. అందరికంటే పెద్ద తిట్టు నాదే కావాలనుకున్నాను. రాసేముందు వీడియో ఒకసారి పెట్టాను. మీ చెల్లెలి చెయ్యి కనబడింది. నా భ్రమేమోనని మళ్ళీ పెట్టాను. మళ్ళీ కనబడింది. ఇంక తిట్టలేకపోయాను."

"అన్నిసార్లు ఎలా చూశారండీ?" హేరిమ్ అడిగింది. "నేను ఒక్కసారి కూడా చూడలేకపోయాను."

"పూర్తిగా నేనూ చూడలేదమ్మా. పన్నెండో సెకను దగ్గర ఆపేసేవాణ్ణి. పదమూడోది ఇప్పటికీ చూడలేదు."

"ఎందుకని?"

ఆయన తలెత్తాడు.

"బస్సు ముందున్నది మా అమ్మ."