పదో నంబరును ఎప్పుడు మార్చాలె?

"ఎల్లేషూ, చిన్నోణ్ని బయటికి గుంజినవో, రేపటి సంది నీకు బువ్వ వెట్ట!"

మైదానం గీత పక్కన నిలబడి రుక్కమ్మ పెద్దకొడుక్కి చేసిన హెచ్చరిక ఇది. పెద్దకొడుకు ఎల్లేష్ బహదూర్‌పల్లి ఫుట్‌బాల్ జట్టుకు కోచ్. చిన్నకొడుకు బాలేష్ అదే జట్టులో పదో నంబరు, గోల్స్ కొట్టేవాడు. తుర్కపల్లి మందుల ల్యాబుల జట్టుతో ఫైనల్ చెరో గోల్ మీద నడుస్తోంది. ఆట ముగియడానికి ఇంకా పావుగంట ఉంది. బాలేష్‌కేమో మొదటి సగంలోనే సగం ప్రాణం పోయింది. బంతి ఒక దిక్కు పోతుంటే తను ఇంకో దిక్కు నడుస్తున్నాడు.

మామూలు రోజైతే ఎల్లేష్ ఎప్పుడో వాణ్ని కూర్చోబెట్టి, బెంచీ మీదున్న అన్వేష్‌ను దింపేవాడు. కానీ ఇవాళ మైదానం పక్కన షామియానా కింద బాలేష్ పెళ్లిచూపులకు వచ్చినవాళ్లున్నారు. "టీ గ్లాసు వట్టుకొని కూసున్న పిలగాన్ని జూస్తే ఏం దెలుస్తది? ఆటల్నే జూస్తం" అంటూ పిల్ల తండ్రి బౌరంపేట్ శంకరయ్య ఇంటిల్లిపాదినీ వెంటేసుకుని నేరుగా గ్రౌండుకే దిగాడు.

"గా గులాబి చీర పిల్లను జూడు," అంది రుక్కమ్మ మురిసిపోతూ. "ఫొటోల కంటె నిండుగున్నది. వచ్చిన కాడికెల్లి తలకాయ ఎత్తుతలేదు. ఎంత నెమ్మది! గసొంటి పిల్ల ముంగట నా కొడుకును బెంచీ మీద కూసోవెడ్తవా?"

"ఒక్కపారి బయటికి తీస్తె మల్ల లోపటికి పోనియ్యరమ్మా. గందుకే ఆగుతున్న."

ఆగుతున్నాడే గానీ లోపల ఉడికిపోతున్నాడు. ఏడాది పొడుగునా కోడి కూయకముందే లేచి జట్టును పరుగెత్తించింది ఈ కప్పు కోసమే. కప్పు పోతే వచ్చే ఏడు మళ్లీ చూసుకోవచ్చు. సంబంధం పోతే తమ్ముడి మొహం ఎట్లా చూడాలి? ఆ ఫొటో చూసిన నాటి నుంచి వాడి కాలు నేల మీద ఆనడం లేదు.

అంతలో కార్నర్ జెండా దగ్గర్నుంచి ఒక ఆడగొంతు ఖంగుమంది.

"ఓ కోచ్ సాబ్! నిద్రవోతున్నవా? పదో నంబరును తియ్యి!"

ట్రాక్ ప్యాంటు, మెడలో విజిల్, కళ్ల మీదికి దించిన టోపీ. ఏ బడిలోనో ఆటల టీచరు కాబోలు.

"తుర్కపల్లోళ్ల మనిషే," పళ్లు నూరింది రుక్కమ్మ. "మంచిగాడేటోన్ని తీపియ్యాలని జూస్తాంది."

"నా టీము, నా ఇష్టం! నీకేంది?" అరిచాడు ఎల్లేష్.

"నీ టీము నాకెందుకు? గాయిన పిక్క పట్టేసింది, కనవడ్తలేదా? ఇంకింత ఉరికిస్తె మంచాన వడ్తడు!"

ఎల్లేష్ చూశాడు. నిజమే, బాలేష్ కుడికాలు ఈడుస్తున్నాడు. ఈడుస్తూనే షామియానా దిక్కు ఓ చూపు చూసి, జుట్టు వెనక్కి దువ్వుకుని, కుంటుతూ మళ్లీ పరుగు అందుకున్నాడు. అన్న మనసు కలుక్కుమంది. బంతి గీత దాటగానే రిఫరీకి చెయ్యెత్తాడు.

"నా కొడుకు పెండ్లి ఆగం జేసినవు గదరా!" రుక్కమ్మ నెత్తి పట్టుకుని కూలబడింది.

బాలేష్ తల దించుకుని వచ్చాడు. లోపలికి పోతున్న అన్వేష్ భుజం మీద చెయ్యేసి, "ఆళ్ల ఎడమ దిక్కున్నోడు జల్దీ మర్లుతలేడు. గాడికెల్లే దూరు తమ్మీ" అని చెప్పి పంపాడు. బెంచీ మీద కూర్చున్నాక షామియానా వైపు మళ్లీ కన్నెత్తితే ఒట్టు.

అన్వేష్ సరిగ్గా అక్కడే దూరాడు. ఒకణ్ని తప్పించాడు, ఇంకొకణ్ని ఏమార్చాడు, లాగి తన్నాడు. గోల్!

డప్పులు దద్దరిల్లాయి. బాలేష్ నొప్పి మరిచి ఒంటికాలి మీదే గెంతాడు. టోపీ పిల్ల పట్టలేని సంతోషంతో విజిల్ ఊదేసింది. ఊదిందెవరా అని రిఫరీ బిత్తరపోయి దిక్కులు చూశాడు.

ఆట ముగిసింది. కప్పు చేతికొచ్చినా ఎల్లేష్‌కు నవ్వు రాలేదు. ఎదురుగా శంకరయ్య, ఆయన పక్కన గులాబి చీర వస్తున్నారు. ఆమె ఇంకా తలెత్తలేదు. దగ్గరికొచ్చాక తెలిసింది, చూపంతా చేతిలోని ఫోన్ మీదుంది.

"తప్పు నాదే కాకా. తమ్ముడు మస్తు ఆడుతడు, నేనే తీసిన" అన్నాడు ఎల్లేష్.

"అన్నీ జూసినం బిడ్డా. తనను తీసినా మొఖం మాడ్వలే, ఇంకోన్ని భుజం తట్టి తోలిండు. మా బిడ్డకు నచ్చిండు. గానీ ఒక్క షరతు వెట్టింది."

రుక్కమ్మ లేచొచ్చి గులాబి చీర ఆమె గడ్డం పట్టుకుంది. "ఏం షరతు తల్లీ, జెప్పు?"

"అయ్యో, నన్నడుగుతరేంది? నేను అక్కను, వినోదను. సుస్మిత గదిగో" అంటూ వెనక్కి చూపించింది ఆమె.

టోపీ తీసి చంకలో పెట్టుకుని, మెడలో విజిల్ ఊగుతుండగా సుస్మిత వంగి రుక్కమ్మ కాళ్లకు మొక్కింది.

"పిలగాన్ని మార్చేదేం లేదత్తమ్మా. మార్చాల్సింది గీ కోచ్‌నే!"