శ్మశానం తాళం

"శవాన్ని లోపలికి తేవద్దు" అన్నాడు జయరావు, శ్మశానం గేటుకు తాళం వేస్తూ.

పాడె మోస్తున్న నలుగురూ ఆగిపోయారు. నల్లపాడు నుంచి కూలికి వచ్చినవాళ్లు. సొంత ఊళ్లో యలమందయ్య పాడెకు భుజం పట్టే మనిషి దొరకలేదు.

మే నెల ఎండ. మనిషి పోయింది తెల్లవారుజామున, ఇప్పుడు మధ్యాహ్నం దాటింది. మోసేవాళ్లు ముక్కులకు తువ్వాళ్లు కట్టుకున్నారు.

"నీ కాళ్లు పట్టుకుంటా మరిదీ" అంటూ సుబ్బరావమ్మ దుమ్ములో కూలబడింది. "మీ అన్నయ్యని మా పద్ధతిలో సాగనంపనియ్యి. అంతకంటే ఏం అడగను."

"మీ పద్ధతి ఇక్కడ కుదరదు వదినా. ఊరంతా ఒక మాట మీదుంటే మీరేమో మీ మతం పట్టుకుని కూచున్నారు."

పన్నెండేళ్ల కిందట మౌనమాత పేరుతో ఒక కొత్త మతం ఆ ఊళ్లో అడుగుపెట్టింది. అప్పుడు మొదలైంది గొడవ. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగాయి. ఆ గొడవ చివరికి సుబ్బరావమ్మ గడపకు చుట్టుకుంది. నాలుగేళ్లుగా ఆమెను పలకరించేవాళ్లు లేరు. కుళాయి దగ్గర బిందె పెట్టనివ్వలేదు. పత్తి తీయడానికి కూలీలు రాకపోతే మొగుడూ పెళ్లాలే నడుములు వంచి ఏరుకున్నారు. దేవుడి పేరు చెప్పి మనుషులు ఇంత కర్కశంగా ఎలా ఉండగలరో ఆ దేవుడికే తెలియాలి.

సుబ్బరావమ్మ మోసేవాళ్లలో ఒకడి సెల్‌ఫోన్ అడిగి తీసుకుని ఎస్సైతో మాట్లాడింది. "అది మీ ఊరి వ్యవహారమమ్మా, మీరూ మీరూ చూసుకోండి" అని పెట్టేశాడు. సొంత పొలంలోనైనా కానిద్దామంటే, ఆ పొలం ఆయన జబ్బుకే కరిగిపోయింది.

"ఆ పాతదంతా వదిలేసి మాలో కలిశానని ఈ కాగితం మీద వేలిముద్ర వెయ్యి. క్షణంలో తాళం తీస్తా" అన్నాడు జయరావు.

"ఆయన చచ్చేదాకా వదల్లేదయ్యా. ఇప్పుడు ఆయన ముందే నన్ను వదలమంటావా?"

శవం మీద ఈగలు ముసిరాయి. సుబ్బరావమ్మ కొంగుతో తోలింది. మళ్లీ వాలాయి. మళ్లీ తోలింది. ఎంతసేపని తోలుతుంది?

"ఇక మావల్ల కాదమ్మా, దించేసి పోతాం" అన్నాడు మోసేవాళ్లలో ఒకడు.

సుబ్బరావమ్మ ఏడుపు ఆపేసింది. బొటనవేలు ముందుకు చాపింది.

పన్నెండేళ్ల కిందట మౌనమాతను నమ్మిందని తన తల్లి శవాన్ని ఇదే గేటు ముందు ఇలాగే ఎండలో ఆపేసిన ఊళ్లో, ఇప్పటికీ ఆ మతం పుచ్చుకోకుండా మిగిలిపోయిన ఒకే ఒక్క మనిషి చేత వేలిముద్ర వేయించుకుని, జయరావు తాళం తీశాడు.