గది గాలి

సోమవారం రిజిస్టర్ చూడగానే సెలీనాకి కడుపు మండింది. ఈ వారం కూడా గ్యాస్ మెషిన్ డ్యూటీ ఉమాశ్రీకే. వరుసగా పదో వారం.

కొండాపూర్‌లోని ఆ ల్యాబ్‌కి గాలిని పరీక్షించే ఆ మెషిన్ కొత్తగా వచ్చింది. దాని మీద చెయ్యి తిరిగినవాళ్ళకే ఇన్‌ఛార్జి పోస్టు. మేనేజర్ శనివారం సాయంత్రం రిజిస్టర్‌లో కొత్త పేజీ తిప్పి, వచ్చే వారం డ్యూటీకి పెద్దక్షరాలతో ఒక పేరు రాసి, మెషిన్ పక్కనే పెట్టి వెళ్తారు. ఇక వారమంతా హైటెక్ సిటీలో అప్పుడప్పుడే లేస్తున్న బిల్డింగుల్లో గాలి శాంపిళ్ళు పడుతూ తిరుగుతారు. సోమవారం తాళం తీసేది ఉమాశ్రీ.

సెలీనాకి మిగిలింది టైప్‌రైటర్, వైట్‌నర్ సీసా.

"నీ పేరు రాయాలంటే సార్‌కి చెయ్యి వణుకుతదేమో. ప్రతిసారి తప్పు రాసి, వైట్‌నర్ పూసి, మళ్ళ రాస్తున్నరు" అంది సెలీనా.

"కుళ్ళుకోకే తల్లీ! టైపింగ్‌లో నీ అంత స్పీడు ఎవరికుంది?" నవ్వింది ఉమాశ్రీ.

బుధవారం మెషిన్ మొరాయించింది. బెంగుళూరు నుంచి సర్వీస్ ఇంజినీర్ తిమ్మప్ప వచ్చి విప్పాడు.

"లోపల నికెల్ గొట్టం చచ్చిపోయిందమ్మా. ఇది గది గాలి పీల్చే మెషిను. క్లోరిన్ కలిసిన ఆవిరి తగిలితే అంతే. ఇక్కడ వైట్‌నర్ వాడతారా? అందులో ఉండేది అదే."

ఉమాశ్రీ వేలు సెలీనా టేబుల్ వైపు లేచింది.

"సీసా ఆవిడదేనండి. మొదట్నుంచీ నా మీద ఒకటే ఏడుపు. నేను లేనప్పుడు కావాలనే మూత తీసి ఇక్కడ పెట్టుంటుంది."

ఏడుపు మాట అబద్ధం కాదు మరి.

"ఏడ్చిన, నిజమే. గని మెషిన్ దగ్గరికి నన్నెప్పుడు రానిచ్చినవ్?"

"ఎవరి వల్ల పోయిందో రిపోర్టులో రాయాలమ్మా. రాస్తే వాళ్ళ ఉద్యోగం ఉండదు" అన్నాడు తిమ్మప్ప.

చుట్టూ చూశాడు. మెషిన్ గాలి పీల్చే చోటికి జానెడు దూరంలో రిజిస్టర్. తెరిచాడు. పేజీకొక తెల్లటి మరక, మరక మీద ఉమాశ్రీ పేరు.

"అది సార్ పూసిందేనండి. రిజిస్టర్ ముట్టుకుంటే ఆయన ఊరుకోరు" అంది ఉమాశ్రీ గబగబా.

తిమ్మప్ప ఒక్కో కాగితాన్ని వెనక్కి తిప్పి కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టాడు. పది మరకల కిందా మేనేజర్ మొదట రాసిన పేరు ఒక్కటే, సెలీనా.