ఒకటే కుండ

పోలీస్ స్టేషన్ వరండా చివర హరిజనులకని విడిగా పెట్టిన కుండను హెడ్డు మునస్వామి లాఠీతో పగలగొట్టాడు.

"స్టేషన్లో కులానికొక కుండ ఉంటే కొత్త జీపుకు గవర్నమెంటు దుడ్లియ్యదంట. చిత్తూరు నుంచి తనిఖీకి దొర వస్తాండాడు. ఇంక ఈడ ఒకటే కుండ."

లాకప్పులో చిన్నబ్బ నెత్తురు ఉమ్ముతూ నీళ్లడిగాడు. అతణ్ణి చావగొట్టిన కానిస్టేబుల్ ఏకాంబరమే, గుమ్మం పక్క మిగిలిన కుండలో చెంబు ముంచబోయాడు.

మునస్వామి లాఠీ అతని ముంజేతి మీద పడింది. ఎముక పటుక్కుమంది.

"ఒకటే కుండంటిరి గదా సార్?"

"ఒకటేరా. అది మాది."

ఏకాంబరం పగిలిన కుండ పెంకుల వైపు చూశాడు. ఇన్నాళ్లూ తానూ, తాను కొట్టినవాళ్లూ తాగింది ఆ కుండలోనే.

బూటుకాలితో రెండో కుండనూ తన్నాడు. నీళ్లు లాకప్పు ఊచల కిందికి పారాయి.

"తాగన్నా. ఇంక ఈడ ఎవురికీ కుండ లేదు."