నానమ్మ మోకాళ్ళు

పెదపాడు

ఇందూ,

నీ నడుం నొప్పి తగ్గిందా? మా అబ్బాయికి జలుబు ఎలా ఉంది? మీ అమ్మగారు షుగరు మాత్రలు వేళకి వేసుకుంటున్నారా? మనవరాలు జాయ్సీ సరిగ్గా తింటోందా? ప్రభువు దయవల్ల నేను బాగానే ఉన్నాను. అసలు ఆ బాగుండటమే నా బెంగ.

పోయిన నెల పిల్లని గుంటుపల్లి కొండకి తీసుకెళ్ళాం కదా. ఆ మెట్లు చూడగానే నాకు గుండె దడ పట్టుకుంది. పిల్ల జారితే? కోతులు మీద పడితే? మోకాళ్ళు పట్టేశాయని మొదటి మెట్టు మీదే కూలబడ్డాను. "మీరు వెళ్ళిరండి, పిల్ల నాకు తోడుంటుంది" అన్నాను. మీరిద్దరూ గుహలు చూసి దిగేదాకా అది నా మోకాళ్ళు నొక్కుతూ కూర్చుంది. నా మోకాళ్ళకి ఏ నొప్పీ లేదమ్మా.

అది ప్రతి ఆదివారం సండే స్కూల్లో లేచి, మా నానమ్మ కోసం ప్రార్థన చెయ్యండని అడుగుతోందని నువ్వు చెప్పిన దగ్గర్నించీ నాకు ముద్ద దిగట్లేదు. నా అబద్ధానికి అంతమంది పసిపిల్లలు మోకరిస్తున్నారు కదా అని.

నిన్న ఫోనులో ఇక ఉండబట్టలేక, "నా మోకాళ్ళు బాగైపోయాయే, ఇంక ప్రార్థన చాల్లే" అన్నాను.

"మోకాళ్ళకి కాదు నానమ్మా," అంది జాయ్సీ. "నీ భయం పోవాలని."

గబుక్కున ఫోను పెట్టేశాను. అందుకే ఈ కార్డు.

మళ్ళీ కొండకి వెళ్దాం. దానికి కొత్త చెప్పులు వెయ్యకు, జారతాయి. నా చెయ్యి దాన్నే పట్టుకోమను. డిసెంబరు పన్నెండు, రెండో శనివారం, మొదటి బస్సుకే మీ గూడెంలో దిగుతాను.

మీ అత్తయ్య